జిద్దా కంటే ముందే వచ్చే మీఖాత్

హైదరాబాదు నుంచి జిద్దాకు ఆకాశమార్గాన సుమారు 4,100 కిలోమీటర్లు. నేరుగా వెళ్ళే విమానం ఐదున్నర, ఆరు గంటల్లో చేరుస్తుంది. మన తాతలు రైలెక్కి బొంబాయి చేరి, అక్కడి నుంచి ఓడలో రోజుల తరబడి ప్రయాణించేవారు. ఆ హజ్ ఓడలు 1995తో ఆగిపోయాయి. యలమ్‌లమ్ దగ్గరపడుతోందని తెలియగానే ఓడలోనివారు తీరికగా స్నానం చేసి ఇహ్రామ్ ధరించేవారు. విమానంలో ఆ తీరిక ఎక్కడిది?

మక్కా వెళ్ళేవారు ఏ దిక్కు నుంచి వస్తే ఎక్కడ ఇహ్రామ్ కట్టాలో దైవప్రవక్త (స) నిర్ణయించారు. ఆ హద్దులే మీఖాత్‌లు. తూర్పు నుంచి వచ్చే విమానాలు సాధారణంగా తాయిఫ్ వైపున్న ఖర్నుల్ మనాజిల్ హద్దు దాటాకే జిద్దాలో దిగుతాయి. విమానం గంటకు 850 కిలోమీటర్ల వేగంతో, అంటే నిమిషానికి 14 కిలోమీటర్ల చొప్పున పోతుంది. రెండు నిమిషాలు కునుకు పట్టినా మీఖాత్ వెనకబడిపోవచ్చు. ఉమ్రాకో హజ్‌కో వెళుతూ ఇహ్రామ్ లేకుండా దాటినవారు వెనక్కి వెళ్ళి మీఖాత్ వద్ద ఇహ్రామ్ కట్టుకోవాలి. లేదా దమ్, అంటే బలి, ఇవ్వాలి.

మేము ఉమ్రాకు వెళ్ళినప్పుడు వెనక వరుసలో ఒక పెద్దాయన ఉన్నారు. మీఖాత్ ప్రకటన వినగానే పాపం కంగారుపడిపోయారు. ఆయన ఇహ్రామ్ బట్టలు పెట్టెలో ఉన్నాయి, పెట్టె విమానం కడుపులో ఉంది! ఒకరు తమ దుప్పటి, మరొకరు పెద్ద తువ్వాలు ఇచ్చారు. వాటినే చుట్టుకుని వణుకుతున్న గొంతుతో తల్బియా చదివారు. జిద్దాలో దిగేదాకా ఆయన కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నారు.

అందుకే ఇహ్రామ్ బట్టలు చేతిసంచిలో ఉంచుకోవాలి. ఇంటివద్దే స్నానం చేసి, విమానం ఎక్కేముందే వాటిని ధరించడం ఇంకా మేలు. అయితే బట్ట కట్టినంత మాత్రాన ఇహ్రామ్ మొదలుకాదు. నియ్యత్ చేసి తల్బియా చదివితేనే మొదలవుతుంది. నిద్ర పడుతుందని భయమున్నవారు ముందుగానే నియ్యత్ చేసుకోవచ్చు. స్త్రీలకు ప్రత్యేక వస్త్రమేదీ లేదు గాని, నియ్యత్ వారికీ తప్పదు. ముందు మదీనా వెళ్ళేవారికి మాత్రం ఈ తొందర లేదు. వారు మదీనా నుంచి మక్కాకు బయలుదేరినప్పుడు జుల్ హులైఫా వద్ద ఇహ్రామ్ కట్టుకుంటారు.

నమాజు వేళల సంగతీ చూడాలి. జిద్దా గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఉదయం 10 గంటలకు ఇక్కడ బయలుదేరి ఆరు గంటలు ప్రయాణిస్తే, మన గడియారంలో సాయంత్రం 4, అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర. జుహ్ర్ దిగాక చదువుకోవచ్చు. తిరుగు ప్రయాణంలో ఇది తారుమారవుతుంది. మధ్యాహ్నం రెండింటికి జిద్దాలో బయలుదేరితే, విమానం తూర్పుకు పోతుంది కనుక సుమారు మూడు గంటలకే కిటికీలో సూర్యుడు అస్తమిస్తాడు. అస్ర్ వేళ కుంచించుకుపోతుంది. భోజనం పళ్ళేలు వచ్చేలోగానే వుజూ చేసుకుని సిద్ధంగా ఉండాలి.