నిర్బంధమా? నమ్మకమా?

మహామారి ప్రబలినప్పుడు ప్రజలను రెండు భయములు పీడించును. మొదటిది రోగభయము, రెండవది మందుభయము. రోగి బాధ ననుభవించుచున్నాడు కనుక చేదుమందు నైనను కన్నులు మూసికొని త్రాగును. టీకా అట్టిది కాదు. అది ఆరోగ్యముగా నున్నవాని శరీరములోనికి సూదితో ఎక్కింపబడు మందు. "నాకేమియు లేదు గదా, నాకిది యేల?" అని అతడు ప్రశ్నించును. ఈ ప్రశ్న మూఢత్వము కాదు, మిక్కిలి సహజమైనది. దీనికి పాలకులును వైద్యులును ఏ విధముగా సమాధాన మిత్తురో, దానినిబట్టియే ప్రజలు చేయి చాచుటయో తలుపు మూయుటయో జరుగును.

2020లో కోవిడ్ వ్యాధి లోకమంతట వ్యాపించిన పిమ్మట టీకాను గురించి చెలరేగిన వాదోపవాదములు నేటి విద్యార్థులకు తెలిసినవే. కొందరు టీకా వేయించుకొననివారిని సంఘద్రోహు లనిరి. కొందరు టీకా వేయుమనువారిని ప్రజల ప్రాణములతో ఆటలాడువా రనిరి. ఈ కలహము మన కాలమున పుట్టినది కాదు. నూటపాతికేండ్లకు పూర్వము బొంబాయి నగరమున ప్లేగు వ్యాపించినప్పుడు ఇదే వివాదము ఇంతకంటె తీవ్రముగా జరిగినది. ఆనాటి చరిత్రలో ఇరుపక్షములవారును నేర్చుకొనదగిన పాఠములు కలవు.

బొంబాయిలో ప్లేగు

1896 సెప్టెంబరులో బొంబాయిలోని మాండ్వీ ప్రాంతమున అకాసియో వియేగాస్ అను గోవా వైద్యుడు తన రోగులలో ప్లేగును గుర్తించెను. మాండ్వీ రేవునకు చేరువ. ధాన్యపు గోదాములకు నెలవు. కొలది మాసములలోనే వ్యాధి నగరమంతట ప్రాకెను. లక్షలాది జనులు మూటముల్లె సర్దుకొని స్వగ్రామములకు తరలిపోయిరి.

1897 ఫిబ్రవరిలో ప్రభుత్వము అంటువ్యాధుల చట్టమును చేసెను. ఆ చట్టము నాధారముగా గొని అధికారులు ఇండ్లు సోదా చేసిరి. రోగులను ఆసుపత్రులకును, వారి కుటుంబములను శిబిరములకును తరలించిరి. ప్రయాణికులను రైలుస్టేషనులలో నిలిపి పరీక్షించిరి. పూనాలో ప్లేగు కమిటీ అధ్యక్షుడైన రాండ్ ఈ పనికి సైనికులను వినియోగించెను. సైనికులు వంటయిండ్లలోనికిని దేవతార్చన గదులలోనికిని చొరబడిరనియు, స్త్రీల మర్యాదను పాటింపలేదనియు ప్రజలు మొర పెట్టుకొనిరి. ఆ మొర ఆలకించువారు లేకపోయిరి. 1897 జూన్ 22వ తేదీ రాత్రి చాపేకర్ సోదరులు రాండును కాల్చిరి. అతడు జూలై 3వ తేదీన మరణించెను. అంతకు పూర్వమే, 1896 అక్టోబరులో, బొంబాయి మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్డు ఆసుపత్రిపై దాడి చేసియుండిరి. ఆసుపత్రికి పోయినవాడు తిరిగి రాడనియు, అచ్చట శవములనుండి తైలము తీయుదురనియు వదంతులు ఊరూర వ్యాపించెను.

విచారింపదగిన విషయ మేమనగా, ఇంత బలప్రయోగమునకు ఆధారమైన శాస్త్రజ్ఞానము అప్పటికి అసంపూర్ణము. ప్లేగు క్రిమిని 1894లో హాంకాంగు నగరమున యెర్సిన్ కనుగొనెను. కాని ఆ క్రిమి ఎలుకలనుండి మనుష్యులకు ఎట్లు సంక్రమించునో తెలియదు. ఎలుకల ఒంటిమీద నివసించి రక్తము పీల్చు చిన్నపురుగుల వలననే అది మనుష్యులకు సోకునని 1898లో కరాచీలో సిమోండ్ ప్రయోగపూర్వకముగా చూపెను. ఆ సత్యమును అందరును అంగీకరించుటకు మరికొన్ని యేండ్లు పట్టెను. అంతవరకును అధికారులు అసలు దోషియైన ఎలుకను విడిచి, రోగపీడితులనే దోషులవలె చూచిరి. తాము సంపూర్ణముగా నెరుగని విషయమున ప్రజలపై సంపూర్ణాధికారమును చెలాయించిరి.

హాఫ్కిన్ అనుసరించిన మార్గము

ఇదే కాలమున, ఇదే నగరమున, మరియొక మార్గమును చూపినవాడు వాల్డెమార్ హాఫ్కిన్. అతడు 1860లో ఒడెస్సా నగరమున యూదు కుటుంబమున జన్మించెను. పారిస్ నగరములోని పాశ్చర్ సంస్థలో కలరాకు టీకాను రూపొందించి, 1892 జూలైలో దానిని మొట్టమొదట తన శరీరముపైననే పరీక్షించుకొనెను. 1893లో భారతదేశమునకు వచ్చి, కలరా టీకాతో వేలాదిమందికి చికిత్స గాక రక్షణ నిచ్చుటకు పాటుపడెను. ప్లేగు పొడసూపగా 1896 అక్టోబరులో బొంబాయికి చేరెను. గ్రాంట్ వైద్యకళాశాలలో ఒక గదియు ఒక వసారాయు అతని ప్రయోగశాల. మాంసరసముపై నేతిచుక్కలు వేసి, వాని నాశ్రయించి పెరిగిన ప్లేగు క్రిములను వేడిమిచే చంపి, అతడు టీకామందును తయారుచేసెను.

1897 జనవరి 10వ తేదీన హాఫ్కిన్ ఆ మందును, తరువాతివారికి ఇచ్చినదానికంటె అధికమైన మోతాదులో, తానే ఎక్కించుకొనెను. జ్వరమును నొప్పియు ననుభవించి కోలుకొనెను. పిమ్మటనే ఇతరులను రమ్మని పిలిచెను. ఆ మాసాంతమున బైకుల్లా కారాగారమున ప్లేగు పొడసూపెను. ఖైదీలలో ఇంచుమించు సగముమంది టీకా వేయించుకొనుటకు ముందుకు వచ్చిరి. తక్కినవారు మానిరి. ఇరువర్గములవారికిని అదే నివాసము, అదే తిండి. తరువాత కొన్ని దినములలో టీకా లేనివారిలో 12 మందికి ప్లేగు సోకెను; వారిలో ఆరుగురు మరణించిరి. టీకా వేయించుకొన్నవారిలో ఇద్దరికి మాత్రమే సోకెను, ఇద్దరును బ్రతికిరి. ఖైదీల అంగీకారము ఎంతవరకు స్వేచ్ఛాయుతమో నేటివారు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని రెండు వర్గములను ప్రక్కప్రక్కన నిలిపి లెక్కించుట యను పద్ధతి నాడు ప్రజలముందు వెలసినది. మాటకు మాట బదులు చెప్పుటకంటె ఈ లెక్క బలమైనది.

ఖోజా ముస్లిముల మతగురువగు మూడవ ఆగాఖాన్ అప్పటికి ఇరువదియేండ్లైనను నిండని యువకుడు. ఆయన తన అనుయాయులు చూచుచుండగా టీకా వేయించుకొనెను. ప్రయోగశాలకు వసతి గూడ కల్పించెను. వేలాది ఖోజాలు ఆయన ననుసరించిరి. సైనికుని తుపాకి చేయలేని పనిని తమవాడు చాచిన చేయి చేసినది. 1898లో ప్రభుత్వము నియమించిన ప్లేగు కమిషన్ గూడ ఈ టీకా సంపూర్ణరక్షణ నీయకపోయినను, వ్యాధి సోకుటను, సోకినవారిలో మరణమును చాలవరకు తగ్గించునని తేల్చెను.

నిరాకరించినవారి వాదము

అయినను నిరాకరించినవారు అనేకులు. వారి నందరిని అజ్ఞాను లనుట తొందరపాటు. టీకా వేసిన పిమ్మట రెండుమూడు దినములు జ్వరము వచ్చును. దినకూలికి రెండుమూడు దినముల కూలి పోవుట యనగా ఇంట పొయ్యి వెలుగకపోవుట. టీకావేయు ప్రభుత్వమే నిన్న తలుపులు విరుగగొట్టిన ప్రభుత్వము. ఆ చేతినుండి వచ్చు మందును నమ్ముట యెట్లు? మందు క్రొత్తది, దాని గుణదోషములు కాలము చెప్పవలసినవి. ఈ కారణములలో వదంతి కొంత, అనుభవము కొంత కలసియున్నవి.

నిరాకరణమునకు మూల్యమును గలదు. ఆ ప్లేగు శాంతించులోపల భారతదేశమున కోటిమందికి పైగా మరణించిరి. 1907వ సంవత్సర మొక్కదానిలోనే మృతులు పదిలక్షలకు మించిరి. ఈ మరణములన్నియు టీకా నిరాకరణము వలననే కలిగినవనుట అసత్యము. కాని రక్షణ చేతికందుచున్నను అందుకొననివారు వారిలో అనేకు లుండిరనుట సత్యము.

ఇచ్చట ఒక భేదమును గమనింపవలెను. గజ్జలలో గడ్డలు కట్టు ప్లేగు ఎలుకలద్వారా వచ్చునది గనుక, టీకా మానినవాడు ముఖ్యముగా తన ప్రాణమునే పణముగా నొడ్డెను. మశూచికము, పొంగు వంటి వ్యాధులు అట్లు కాదు. అవి మనుష్యునినుండి మనుష్యునికి ప్రాకును. మన దేశమున పొంగు టీకాను శిశువునకు తొమ్మిది నెలలు నిండిన పిమ్మటనే వేయుదురు. అంతవరకు ఆ శిశువునకు రక్షణ ఇరుగుపొరుగువారి టీకాలే. అట్టి వ్యాధులలో "నా శరీరము, నా యిష్టము" అను మాట సగము సత్యమే. తక్కిన సగము పొరుగింటి ఊయలలో నున్నది.

మల్కోవాల్ విషాదము

1902 అక్టోబరు 30వ తేదీన పంజాబులోని మల్కోవాల్ గ్రామమున 107 మందికి ప్లేగు టీకా వేసిరి. వారిలో ఒకే సీసాలోని మందు నెక్కించుకొన్న 19 మందికి కొలది దినములలో ధనుర్వాతము వచ్చెను. పందొమ్మిదిమందియు మరణించిరి. ఇతర సీసాలనుండి మందు పొందిన 88 మందికి ఏ హానియు కలుగలేదు. దోషము మందు స్వభావములో లేదనియు, ఒక సీసా కలుషితమైనదనియు దీనినిబట్టియే స్పష్టము.

ఆ కాలుష్య మెచ్చట జరిగినది? ప్రయోగశాలలోనా, గ్రామములోనా? విచారణ సంఘము ప్రయోగశాలను శంకించెను. హాఫ్కిన్ పదవినుండి తొలగింపబడెను. సీసా తెరచు సమయమున సహాయకుని చేతిలోని పట్టకారు నేలపై పడెననియు, దానిని తగినవిధముగా శుద్ధిచేయకయే మూత తీయుటకు వాడెననియు సాక్ష్యములో నుండెను. నేలమట్టి ధనుర్వాతక్రిమికి ఆటపట్టు. అయినను విచారణ నివేదిక కొన్ని సంవత్సరములవరకు ప్రజలముందునకు రాలేదు. మలేరియా దోమలద్వారా వ్యాపించునని నిరూపించిన రొనాల్డ్ రాస్ మొదలగు శాస్త్రజ్ఞులు 1907లో పత్రికాముఖమున హాఫ్కిన్ పక్షమున వాదించిరి. ఆ సంవత్సరమే ప్రభుత్వము ఆయనను నిర్దోషిగా నంగీకరించి తిరిగి ఉద్యోగమిచ్చెను. అప్పటికి అయిదేండ్లు గడచెను. పంజాబులో టీకా కార్యక్రమము కుంటుపడెను.

పందొమ్మిదిమంది మరణము చిన్న విషయము కాదు. లక్షలాదిమందికి టీకా క్షేమముగా వేయబడినదని చెప్పినంతమాత్రమున ఆ పందొమ్మిది యిండ్లలోని దుఃఖము తీరదు. కాని ఆ దుఃఖమును సాకుగా జూపి టీకానే త్యజింపుమనుట, మరెన్నో యిండ్లకు దుఃఖమును పంచుటయే. ఈ రెండు సత్యములను ఒకేసారి చెప్పగల ధైర్యము ఆనాటి పాలకులకు లేకపోయెను. ఏమి జరిగినదో వెంటనే దాపరికము లేక చెప్పి, మృతుల కుటుంబముల నాదుకొని, సీసా తెరచు విధానమును సరిదిద్దియున్నచో ప్రజలు కొంతయైనను నమ్మెడివారేమో. మౌనము వహించుటచే వదంతియే చరిత్రయై కూర్చుండెను.

మన కాలమున

కోవిడ్ కాలమున పూర్వపు పొరపాటులు కొన్ని మరల తలయెత్తెను. హైదరాబాదు నగరమున భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసిన కోవాగ్జిన్ టీకాకు 2021 జనవరి 3వ తేదీన అనుమతి లభించెను. అప్పటికి మూడవ దశ పరీక్షల ఫలితములు వెలువడలేదు. అవి పిమ్మట వెలువడి టీకా సామర్థ్యమును స్థిరపరచెను. కాని ముందు అనుమతి, వెనుక లెక్క అను వరుస సందేహమునకు తావిచ్చెను. కోవిషీల్డ్ జాతి టీకా వలన అత్యంత అరుదుగా రక్తము గడ్డకట్టు ప్రమాదము కలుగునని 2021లోనే వైద్యలోకము గుర్తించెను. అరుదైనను ఉన్న దోషమును ఉన్నదని చెప్పినచోట నమ్మకము నిలిచినది. దాచిరను భావము కలిగినచోట సడలినది. 2022 జూలైనాటికి మన దేశమున వేసిన మోతాదులు 200 కోట్లు దాటెను. ఇంత మహాకార్యము కేవల నిర్బంధముచే సాధ్యమగునది కాదు.

2022 మే 2వ తేదీన సుప్రీంకోర్టు ఈ వివాదముపై తీర్పు చెప్పెను. ఎవ్వరికిని బలవంతముగా టీకా వేయరాదనియు, శరీరముపై వ్యక్తికి గల హక్కు రాజ్యాంగము నిచ్చిన జీవనహక్కులోని భాగమనియు చెప్పెను. ప్రజారోగ్యముకొరకు ప్రభుత్వము తగిన పరిమితులు విధింపవచ్చుననియు, అవి అవసరమునకు మించరాదనియు గూడ చెప్పెను. ప్రభుత్వ టీకావిధానము అసమంజసము కాదనెను. పరీక్షల వివరములను, టీకా పిమ్మట కలిగిన దుష్ఫలితముల వివరములను ప్రజలకు వెల్లడింపవలెనని ఆదేశించెను. నిర్బంధము వలదు, దాపరికము వలదు అను ఈ రెండును ఒకే తీర్పులో నుండుట గమనింపదగినది. పూనాలో మొదటిదానిని, మల్కోవాలులో రెండవదానిని విస్మరించినందుననే ఆనాడు అనర్థము కలిగినది.

ఉపాధ్యాయుని బాధ్యత

ఈ విషయమున పాఠశాల చేయదగిన పని గొప్పది. టీకా మంచిదని వల్లెవేయించుట చాలదు. వల్లెవేసిన పాఠము మొదటి వదంతికే చెదరిపోవును. విద్యార్థికి మూడు ప్రశ్నలు నేర్పవలెను. ఎవరైన "టీకా వలన ఇంతమంది మరణించిరి" అనినప్పుడు, ఎంతమందిలో ఇంతమంది యని అడుగుట మొదటిది. టీకా లేనివారిలో ఎంతమంది మరణించిరి యని అడుగుట రెండవది. ఈ లెక్క ఎవరు కట్టిరి, దానిని అందరియెదుట ఉంచిరా యని అడుగుట మూడవది. ఈ ప్రశ్నలు వదంతి పుట్టించువానికిని చెల్లును, ప్రభుత్వమునకును చెల్లును, మందు తయారుచేయువానికిని చెల్లును.

బొంబాయి పరేలులోని ప్లేగు ప్రయోగశాలకు 1925లో హాఫ్కిన్ పేరు పెట్టిరి. ఆయన 1930లో స్విట్జర్లాండులోని లొజాన్ నగరమున మరణించెను. ఆయనకు దక్కిన గౌరవము ఆలస్యముగా దక్కినది. ఆయన పద్ధతి మాత్రము ఎవ్వరికిని, ఎప్పుడును అందుబాటులోనే యున్నది. ముందు తన చేయి చాచుట, పిమ్మట లెక్క చూపుట, ఆ పిమ్మటనే ఎదుటివానిని చేయి చాచుమని అడుగుట.