క్యోటో నగరమున ఒక దినము

జపాను దేశమునకు పోవు యాత్రికులలో పలువురు క్యోటో నగరమునకు ఒకే దినము కేటాయింతురు. ఉదయము ఒక దేవాలయము, మధ్యాహ్నము ఒక ఉద్యానము, సాయంకాలము ఒక మగ్గపుసాల: ఈ క్రమమున మార్గదర్శకుని వెంట తిరిగి, “ఎంత ప్రాచీనమైన నగరము!” అని ఆశ్చర్యపడుదురు. ఆ మాట సత్యమే. క్రీ. శ. 794లో రాజధానిగా వెలసిన ఈ నగరము, 1869లో చక్రవర్తి టోక్యోకు తరలిపోవు వరకు, వేయేండ్లకు పైగా రాజనగరమను గౌరవమును పొందినది. అయినను, ఇందు నిజముగా ప్రాచీనమైనది ఏది అని ప్రశ్నించుకొనినచో సమాధానము చెప్పుట అంత సులభము కాదు. ఇచటి కట్టడములు అనేకములు కాలినవి, కూలినవి, మరల లేచినవి. ఈ ప్రశ్నను మనసున నుంచుకొనియే నేడు శ్రోతలతో కలిసి ఆ యాత్ర చేయదలచితిమి.

బయలుదేరుటకు ముందు ఒక యుద్ధకథ తెలియవలెను. 1467లో షోగును పదవికి వారసుడెవరను తగవు పుట్టగా, దేశమందలి ప్రభువులు రెండు పక్షములుగా చీలిరి. తూర్పు పక్షమునకు హొసొకావా కత్సుమొతో, పడమటి పక్షమునకు యమనా సోజెన్ నాయకులు. కత్సుమొతో, సోజెన్ పెంపుడు కుమార్తెను వివాహమాడినవాడు. ఈ మామా అల్లుండ్ర వైరము నగర వీథులలోనే సాగెను. 1473లో ఇరువురును కొద్ది వారముల తేడాతో మరణించిరి. పోరు మాత్రము 1477 వరకు ఆగలేదు. అప్పటికి నగరమున అధికభాగము బూడిదయైనది. చరిత్రకారులు దీనిని ఓనిన్ యుద్ధమందురు. మనము చూడబోవు స్థలములన్నిటను దీని జాడ కలదు.

ఉదయమున తూర్పు కొండల వాలుననున్న కియోమిజు దేవాలయమునకు పోవుదము. ఆ పేరునకు నిర్మలజలమని అర్థము. ఆలయము క్రింద మూడు ధారలుగా పడు కొండనీటి వలన ఆ పేరు కలిగినది. ఇచటి ఆరాధ్యమూర్తి కన్నోన్. మన బౌద్ధశిల్పములలో అవలోకితేశ్వరుడని పేరొందిన కరుణామూర్తియే. ఆలయము 778లో వెలసినదని సంప్రదాయము. ఓనిన్ యుద్ధమున ఇది దగ్ధమైనది. తరువాతను ఒకమారు కాలినది. నేడు కనిపించు ప్రధానమందిరము 1633లో కట్టినది. దానిముందు లోయపైకి చొచ్చుకొని వచ్చిన విశాలమైన వేదిక భూమినుండి సుమారు 13 మీటర్ల ఎత్తున నిలిచియున్నది. దానిని మోయు కెయాకి కొయ్య స్తంభములకు తొలులు తొలిచి, అడ్డదూలములను దూర్చి బిగించిరే కాని, ఇనుప మేకులు వాడలేదు.

పైకప్పు హినోకి అను వృక్షపు బెరడుతో వేసినది. చెట్టు ప్రాణమునకు హాని కలుగకుండ పైపొరను మాత్రమే ఒలుచుటలో పనివాని నేర్పంతయు కలదు. ఎనిమిది, పది సంవత్సరములకు అదే చెట్టు మరల బెరడు నిచ్చును. కప్పు వేయువాడు వెదురు మేకులను నోట నుంచుకొని, ఒక్కొక్కటిగా తీసి కొట్టుచు పొరలను బిగించును. ఇట్టి కప్పు కొన్ని దశాబ్దములలో జీర్ణించును. అపుడు మరల వేయవలసినదే. ఈ మందిరమునకు 2020లో క్రొత్త కప్పు వేయుట ముగిసినది. అంతేకాదు, ముందు ఏనాడో స్తంభములు శిథిలమైనపుడు కావలసివచ్చునని, కెయాకి చెట్లను ఆలయమువారు కొండలలో ఇప్పుడే నాటి పెంచుచున్నారు. నాటినవారిలో ఒక్కరును ఆ స్తంభములను చూడబోరు.

ఇక నగరమునకు వాయవ్యముననున్న కింకాకు, అనగా స్వర్ణమందిరము, చేరుదము. 1397లో షోగును యోషిమిత్సు తన విశ్రాంతి నివాసముగా కట్టించిన భవన సముదాయములోనిది ఇది. ఆయన మరణానంతరము బౌద్ధాలయమైనది. ఓనిన్ యుద్ధమున ఆ ప్రాంగణములోని భవనములు అనేకములు నశించినను, ఈ మందిరము నిలిచినది. యుద్ధము చేయలేని పనిని 1950 జూలై 2న ఆలయమందే చదువుకొనుచున్న ఒక యువ సన్యాసి చేసెను. అతడు పెట్టిన నిప్పుతో అది పూర్తిగా కాలిపోయెను. పూర్వపు మరమ్మతుల కాలమున తీసియుంచిన కొలతలను, చిత్రపటములను అనుసరించి, 1955 నాటికి యథారూపమున మరల నిర్మించిరి. 1987లో, ఉరుషి అను చెట్టుపాలు పూసి నునుపు చేసిన గోడలపై, సుమారు 20 కిలోల బంగారమును మందపు రేకులుగా చేసి అతికిరి. కొలనులో నీడ చూచుకొనుచు మెరయు ఆ మందిరములోని కొయ్య మన కాలపుది. ఆ నిష్పత్తులు, ఆ పూతపని మాత్రము ప్రాచీనములు.

అక్కడికి నడకదూరములోనే ర్యోవాన్‌జి ఆలయము కలదు. ఇది జెన్ శాఖకు చెందినది. సంస్కృతమున ‘ధ్యాన’ శబ్దమే చీనాలో ‘చాన్’ అయి, జపానులో ‘జెన్’ అయినది. ఆ శాఖవారు చెప్పుకొను భారతీయ గురుపరంపరలో, మన నాగార్జునకొండకు పేరునిచ్చిన ఆచార్య నాగార్జునుడును కలడు. ఈ ఆలయమును 1450లో స్థాపించినవాడు ఆ తూర్పు సేనాని కత్సుమొతోయే. అతని యుద్ధమునందే అది కాలి, 1488లో మరల లేచెను. ఇచటి ఉద్యానమున చెట్లు లేవు, నీరు లేదు. పొడవున 25, వెడల్పున 10 మీటర్ల నేలపై తెల్లని గులకరాళ్లు పరచి, నడుమ పదునైదు శిలలను ఐదు గుంపులుగా నిలిపిరి. వసారాలో ఎచట కూర్చుండి చూచినను, ఒక శిల మరియొకదాని చాటున మరుగుపడి, పదునాలుగే కనిపించును. నిర్మాత ఎవరో నిశ్చయముగా తెలియదు. సన్యాసులు దంతెతో ఆ గులకను గీసి గీతలు తీర్చుచుందురు. గాలివానలకు చెదిరినపుడు మరల గీయుదురు. శిలలు కదలవు, గీతలు మాత్రము ఎప్పటికప్పుడు క్రొత్తవే.

సాయంకాలమునకు నిషిజిన్ వాడ చేరుదము. ఆ మాటకు పడమటి శిబిరమని అర్థము. యమనా సోజెన్ సేన విడిసిన తావు అదియే. యుద్ధకాలమున ఊరు విడిచిపోయిన సాలెవారు శాంతి కలిగిన పిమ్మట ఆ దండువిడిదిలోనే మగ్గములు పాతిరి. సేన పోయినది, పేరు పట్టుబట్టకు మిగిలినది. రాజధాని తరలిపోయి గిరాకీ పడిపోయినపుడు, 1872లో ముగ్గురు నేతగాండ్రను ఫ్రాన్సులోని లియాన్ నగరమునకు పంపిరి. వారు జకార్డు మగ్గమును నేర్చి తెచ్చిరి. వారిలో యోషిదా చూషిచి తిరుగు ప్రయాణమున ఓడ మునిగి ప్రాణము కోల్పోయెను. ఆ అట్టల మగ్గమును మన నేతవాడలలోను చూచినవారికి ఆ త్యాగము విలువ తెలియును. ఇచటనే యంత్రమునకు లొంగని నేత మరియొకటి కలదు. నేతగాడు తన గోళ్లను అరముతో రంపపు పండ్లవలె తీర్చుకొని, రంగుల పేకను ఆ గోళ్లతోనే సర్దుచు నేయును. క్లిష్టమైన నమూనాయైనచో దినమునకు నేత సాగునది కొలదియే.

ఇప్పుడు మన ప్రశ్నకు సమాధానము దొరకినది. క్యోటోలో ప్రాచీనమైనది చేతిలోని విద్య. బెరడు ఒలుచు విద్య, రేకు అతుకు విద్య, గోట నేయు విద్య, ఒకరినుండి ఒకరికి సంక్రమించుచు వచ్చినందుననే, కాలినదెల్ల మరల లేవగలిగినది. జపాను ప్రభుత్వము 1974లో సంప్రదాయ చేతిపనుల రక్షణకు చట్టము చేసినది. కొయ్య కట్టడములను కాపాడు పదునేడు విద్యలను 2020లో యునెస్కో మానవజాతి వారసత్వముగా గుర్తించినది. అయినను చట్టము, గుర్తింపు మాత్రమే చాలవు. కిమోనో నేడు పండుగలకు, శుభకార్యములకు పరిమితమైనది. నిషిజిన్ మగ్గములముందు కూర్చుండువారిలో వృద్ధులు అధికము; నేర్చుకొన వచ్చు యువకులు స్వల్పము. మందిరము కాలినచో పటమును చూచి కట్టవచ్చును. గోటినేత నెరిగిన చివరి చేయి ఆగినచో, దానిని తిరిగి నేర్పగల పటము లేదు. క్యోటోకు పోవు భాగ్యము కలిగినవారు స్వర్ణమందిరము చెంత గడిపినంతసేపు ఆ మగ్గముచెంతను గడుపుదురుగాక. పోలేనివారు తమ ఊరి నేతవాడకు ఒకమారు పోయి చూచినను చాలును. అచటను ఆ ప్రశ్నయే వేచియున్నది.