పోపుల పెట్టెలో చరిత్ర: వర్తూరు వంటింటి మాటలు

బెంగళూరు నగరానికి తూర్పున ఉన్న వర్తూరు ప్రాంతంలో తరతరాలుగా సేద్యం చేసుకుంటూ వచ్చిన తెలుగు కుటుంబాలున్నాయి. వీరికి ఇంటి భాష తెలుగు. బడి, సంత, కచేరీల భాష కన్నడం. ఇటువంటి ఇంట్లో పోపుల పెట్టె తెరిచి, దినుసుల పేర్లను రెండు భాషల్లోనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ వస్తువు ఎటునుంచి వచ్చిందో కొంతవరకు తెలుస్తుంది.

ముందుగా మిరపకాయ సంగతి చూద్దాం. ఇది అమెరికా ఖండపు పంట. 1498లో వాస్కో డ గామా కోజికోడు ప్రాంతానికి చేరిన తరువాత, 16వ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకుల ద్వారా మన తీరానికి వచ్చింది. అంతకు పూర్వం కారానికి మిరియాలు, పిప్పళ్ళు, అల్లం, ఆవాలే ఆధారం. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వర్ణించిన వానకాలపు భోజనంలో అన్నం, పప్పు, కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి ఉన్నాయి. మిరపకాయ ఊసు లేదు.

కొత్తగా వచ్చిన కాయకు మనవారు పాత పేరునే సర్దిపెట్టారు. తెలుగులో మిరియం, మిరపకాయ. కన్నడంలో మెణసు, మెణసినకాయి. తమిళంలో మిళగు, మిళగాయ్. మూడు భాషలవారికీ తోచిన ఊహ ఒక్కటే: ఇది మిరియంలా మండే కాయ. చివరికి కన్నడంలో అసలు మిరియమే గుర్తింపు కోసం ‘కాళుమెణసు’, అంటే గింజ మెణసు, అనిపించుకోవలసి వచ్చింది. అతిథి వచ్చి ఇంటాయన పేరు తీసుకున్నట్టయింది! అయినా జలుబు చేసిననాడు మనకు గుర్తొచ్చేది మిరియాల చారే. ఆ చారునే కన్నడిగులు సారు అంటారు.

కొత్తిమీర కథ వేరు. సంస్కృతంలోని ‘కుస్తుంబురు’ నుంచి తెలుగు కొత్తిమీర, కన్నడ కొత్తంబరి రెండూ వచ్చాయి. కన్నడంలో ఆకుకూ గింజకూ ఈ మాటే చెల్లుతుంది. తెలుగువారు మాత్రం గింజలకు ‘ధాన్యక’ శబ్దం నుంచి వచ్చిన ధనియాలు అనే పేరు వాడుతున్నారు. దాల్చినచెక్కలోని మొదటి భాగం పారసీకం. ‘దార్చీనీ’ అంటే చీనా చెక్క. చెక్క మన మాట. కన్నడిగులు పారసీక భాగాన్ని వదిలి ‘చక్కె’ అని ఊరుకున్నారు. జీలకర్ర గుజరాత్, రాజస్థాన్‌ల పొడి నేలల్లో పండే పంట. అయినా తెలుగు పెళ్ళిలో జీలకర్ర బెల్లం, కన్నడ పెళ్ళిలో జీరిగె బెల్ల లేనిదే ముహూర్తం గడవదు. దూరపు సరుకు కూడా కాలక్రమాన మన ఆచారమవుతుందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ఇక పెరటి మొక్కలు. కరివేపాకు, కన్నడ కరిబేవు రెండింటిలోనూ వేపే ఉంది. పిల్లల దగ్గుకు వాడే వామాకును కన్నడిగులు దొడ్డపత్రె అంటారు. ఇటువంటి పెరళ్ళకూ, ఆకుకూరల మళ్ళకూ వర్తూరు చెరువు ప్రాణాధారంగా ఉండేది. బెళ్ళందూరు చెరువు పొర్లిన నీరు దీనిలోకే వస్తుంది. నగరపు మురుగు ఆ దారినే వచ్చి చేరడంతో నీరు పాడయింది. 2015లో చెరువు నురగ రోడ్డుమీదికి ఎగిసిపడింది. పొలాలు చాలావరకు ఇళ్ళ స్థలాలయ్యాయి. కొత్తిమీర కట్ట ఇప్పుడు ఏ నీటితో పెరిగిందో అడిగి కొనవలసిన సరుకయింది.

మడి పోయినప్పుడు దానితోబాటు మాట కూడా పోతుంది. దినుసులకు మనకున్న పాత పేరు ‘సంబారాలు’. కన్నడంలో ‘సాంబార పదార్థ’ నేటికీ వాడుకలో ఉండగా, మన నాలుక మీద దాని స్థానాన్ని మసాలా ఆక్రమించింది. పొట్లంలో పొడి కొనే ఇంట్లో విడివిడి దినుసుల పేర్లు పిల్లల చెవిన పడే అవకాశమే తక్కువ. పైగా వర్తూరు వంటి చోట్ల ఈ తెలుగును బడి నేర్పదు. వంటిల్లే దానికి బడి.

కనుక ఈ ప్రాంతపు పాఠకులకు ఒక విన్నపం. ఇంట్లో పెద్దవారి చేత దినుసుల పేర్లు, పెరటి ఆకుల పేర్లు, వాటి వాడకం చెప్పించి, వారు పలికినట్లే రాసి ఉంచండి. అందులో కన్నడం కలిసి ఉంటే దిద్దకండి. ఆ కలయికే వారి చరిత్ర.