త్సుషిమా ద్వీపమునుండి వెలగందుల కోటకు

క్రీ.శ. 1274వ సంవత్సరము. ఓరుగల్లున రుద్రమదేవి రాజ్యమేలుచుండెను. నేటి కరీంనగరము చుట్టునున్న సీమ యంతయు కాకతీయుల యేలుబడిలోనిదే. ఆ యేటనే ఆసియా ఖండపు తూర్పు కొసను, మంగోలు చక్రవర్తి కుబ్లయి ఖాను పంపిన నౌకాదళము జపానుపై దండెత్తి, దారిలోనున్న త్సుషిమా యను ద్వీపముపై విరుచుకొనిపడెను. ద్వీపమును కాపాడుచున్న సో సుకెకుని సుమారు 80 మంది రౌతులతో ఎదిరించి నేలకొరిగెను. ఆ కుబ్లయి కొలువున ఏండ్ల తరబడి యున్న మార్కోపోలోయే మోటుపల్లి సీమ నేలిన రాణిని ప్రశంసించినాడని మనము తరగతులలో చెప్పుచుందుము. ఈ రెండు చరిత్రలకును అంతకు మించిన చుట్టరికము నిన్న మొన్నటివరకు లేదు. ఇప్పుడు మా విద్యార్థులలో కొందరకు త్సుషిమా తీరము కొట్టినపిండి యైనది.

దీనికి కారణము 2020 జూలై 17న వెలువడిన ‘ఘోస్ట్ ఆఫ్ త్సుషిమా’ యను వీడియో గేము. సక్కర్ పంచ్ అను అమెరికా సంస్థ దీనిని ప్లేస్టేషన్ యంత్రమునకై నిర్మించినది. కథానాయకుడు జిన్ సకాయి కల్పితపాత్రము. మంగోలుల దాడిలో తనవారు కూలగా మిగిలి, ద్వీపమును తిరిగి గెలుచుకొనుటయే అతని కథ. సాముదాయికముగా మోహరించిన శత్రువును ఎదురుగా నిలిచి పోరుటయే వీరధర్మమని అతని మామ షిమురా పట్టు. చీకటిలో వెనుకనుండి వచ్చి చంపినగాని దేశము దక్కదని మేనల్లుని వాదము. మహాభారతమున సౌప్తిక పర్వము పాఠము చెప్పిన ఉపాధ్యాయులకు ఈ తగవు క్రొత్తది కాదు. అశ్వత్థామను ఏవగించుకొను విద్యార్థియే జిన్‌ను మెచ్చుకొనుట ఎట్లని నేనొకమారు తరగతిలో అడిగితిని. ఆనాడు గంట కొట్టినను ఎవరును లేవలేదు.

ఈ యాటలకు ట్రోఫీలని యొక వ్యవస్థ కలదు. తెలియని ఉపాధ్యాయులకై కొంత వివరింతును. 1980లలో యాక్టివిజన్ అను కంపెనీ, తన యాటలో నిర్ణీతమైన పాయింట్లు సాధించినవాడు టెలివిజన్ తెరను ఫొటో తీసి పంపినచో, చొక్కాకు కుట్టుకొను గుడ్డబిళ్ల నొకదానిని బహుమతిగా పంపెడిది. ‘పిట్‌ఫాల్’ ఆటకు 20,000 పాయింట్లు కావలెను. 2005లో మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ 360 ఆ లెక్కను యంత్రములోనికే తెచ్చెను. 2008లో సోనీవారు కంచు, వెండి, బంగారు ట్రోఫీలను ప్రవేశపెట్టిరి. అన్నియు దక్కినవానికి కడపట ప్లాటినము. కథ ముగించుట యొక యెత్తు, పట్టికలోని ప్రతి పనియు నెరవేర్చుట మరియొక యెత్తు. అవధాని పద్యము లన్నియు పూరించినను, ధారణ కూడ అయినగాని సభ లేవదు గదా! అటువంటిదే ఇదియు.

గోదావరిఖని నుండి వచ్చి మా కళాశాలలో చదివిన విద్యార్థి యొకడు ఈ ప్లాటినమును సాధించినాడు. పాత యంత్రమును అన్నదమ్ములు చందా వేసికొని కొనిరట. యాబది గంటలకు పైగా ఆడెను. కథ ముగిసిన పిదప కూడ ఎందులకు వదలలేదని అడుగగా, “కథ అయిపోయినంక గూడ ఆ ఊరు ఇడువబుద్ధి గాలేదు సార్” అని చెప్పినాడు. ఆ యాటలో దారి చూపుటకు బాణపు గుర్తులు లేవు. పోవలసిన దిక్కునకు గాలి వీచును, గడ్డి ఒరుగును. నీటి యొడ్డున కూర్చుండి మూడు పాదముల హైకూ కూర్చుకొనుటకు చోట్లు కలవు. ఇది కాలవైపరీత్యము. హైకూ యనదగిన రూపము 17వ శతాబ్దిలో బషో మొదలగువారి చేతిలో కుదురుకొన్నది. 1274లో జపానీయులు వ్రాసినది 31 అక్షరముల వాకా. మన పౌరాణిక నాటకములలో హార్మోనియము మ్రోగినప్పుడు ఊరకున్నవారము కనుక ఈ తప్పును నేను క్షమించితిని.

పట్టికను మాత్రము అంత తేలికగా విడిచిపెట్టలేను. శత్రువును మిట్టమీదినుండి త్రోసి చంపుట కొక ట్రోఫీ. చనిపోయిన మిత్రుని సమాధియొద్ద నిలిచి వేణువుపై నొక విషాదగీతము పలికించుట కొక ట్రోఫీ. రెండును ఒకే పట్టికలోనివి, రెండింటికిని ఒకే విధమైన గంట మ్రోగును. ఏది వినోదము, ఏది శ్రద్ధాంజలి యను విచక్షణ పట్టికకు లేదు, ఆడువానికే యుండవలెను.

అట్టి విచక్షణ గలవారున్నారనుటకు నిదర్శనము త్సుషిమాలోనే దొరకినది. 2020 సెప్టెంబరులో తుపాను వచ్చి, అచ్చటి వతత్సుమి దేవాలయపు తోరణ మొకటి కూలిపోయెను. దానిని తిరిగి నిలుపుటకు 50 లక్షల యెన్ల చందా కోరగా, 2 కోట్ల 70 లక్షల యెన్లకు పైగా వచ్చినది. ఇచ్చినవారిలో పలువురు ఈ యాట నాడినవారే. 2021లో త్సుషిమా నగరపాలకులు ఆట దర్శకులైన నేట్ ఫాక్స్, జేసన్ కానెల్ ఇరువురను తమ పర్యాటక రాయబారులుగా ప్రకటించిరి. ఆ చందాకు ట్రోఫీ లేదు.

ఈ వృత్తాంతము చెప్పిన దినముననే విద్యార్థుల కొక పని యిచ్చితిని. కరీంనగరమునకు సుమారు 10 కిలోమీటర్ల దూరమున, మానేరు ప్రక్కన ఎల్గందల్ కోట యున్నది. పూర్వనామము వెలగందుల. కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, ఆసఫ్‌జాహీలు అయిదు వంశములవారు దాని నేలిరి. ఈ కోటయే ఆటయైనచో ట్రోఫీల పట్టిక యెట్లుండవలెనో వ్రాసికొని రమ్మంటిని. తొలి కాగితములలో నెత్తురే యెక్కువ. కోటకు పోయివచ్చిన పిదప పట్టికలు మారినవి. కందకము వెంట కోట చుట్టును నడువవలెనని యొకడు వ్రాసినాడు. అయిదు వంశములలో ఏ రెండింటి పనితనమునైనను గోడలలో గుర్తుపట్టి చూపవలెనని మరియొకడు. ఊరిలోని ముసలివారిని అడిగి, ఊగునని ప్రతీతి గల జంట మినార్ల ముచ్చట వ్రాసికొనవలెనని ఇంకొకడు. జోడేఘాట్‌ను ఆటగా చేయవచ్చునా యను చర్చ కూడ వచ్చినది. ఆటలో చచ్చిన వీరుడు మరుక్షణమున లేచును. 1940లో ఆ కొండలలో కూలిన కొమురం భీము లేవలేదు. ఆ లేవకపోవుటను ఆట యెట్లు చూపవలెనో మాలో నెవరికిని తోచలేదు.

నిర్మల్ నుండి వచ్చిన బాలిక తన యూరినే ఎంచుకొన్నది. 1860లో రాంజీ గోండును, ఆయన వెంట వేయిమందిని అచ్చట ఉరితీసిరని చెప్పుకొను వెయ్యి ఉరుల మర్రి నేడు లేదు. ఆమె కాగితమున ఒకే పని యుండెను: ఆ చెట్టున్న చోట కొంతసేపు ఊరక నిలుచుట. కంచా, వెండియా, బంగారమా యను గడిని ఆమె ఖాళీగా విడిచిపెట్టినది.