గుర్రానికి పేరుంది, మనిషికి లేదు

(కమ్యూనిటీ రేడియో తెలుగు కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



నేను ఐటీ కన్సల్టెంటుని. ప్రాజెక్టు ఎక్కడుంటే అక్కడికి పెట్టె సర్దుకుని వెళ్ళడం, వారంలో నాలుగు రాత్రులు ఏదో ఒక పల్లెటూరి పబ్బు మేడమీద గదిలో పడుకోవడం నా ఉద్యోగంలో భాగం. బొమ్మల గురించి నేను చదువుకున్నది ఏమీ లేదు. కానీ రోజూ ఒంటరిగా భోజనం చేసేవాడు గోడలు చూడక ఏం చేస్తాడు చెప్పండి? ఇంగ్లాండు పల్లెటూరి పబ్బుల్లో ఆ గోడల మీద వుండేవి చాలావరకు ఒకే రకం బొమ్మలు. ఎర్రకోటు దొరలు, కంచెల మీంచి దూకే గుర్రాలు, మచ్చల వేటకుక్కలు, అన్నిటికంటే ముందు ప్రాణం అరచేతిలో పెట్టుకుని పరిగెత్తే ఒక నక్క. మీలో చాలామంది కూడా చూసే వుంటారు. బిస్కెట్ డబ్బాల మీద, టేబుల్ మ్యాట్ల మీద కూడా ఇవే.

ఒకసారి హాఫ్ టర్మ్ సెలవుల్లో మా వాళ్ళని కూడా తీసుకెళ్ళాను. చిప్స్ వచ్చేలోగా మా అమ్మాయి గోడ మీది పటం కింద అక్షరాలు చదివింది. అప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. "నాన్నా, గుర్రం పేరు రాశారు, దాని ఓనరు పేరు రాశారు. మరి దాన్ని పట్టుకున్న అంకుల్ పేరేదీ?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతుక్కుంటూ నేను తెలుసుకున్న సంగతులే ఈ రోజు మీతో చెబుతున్నాను.

ఈ తరహా చిత్రాలని ఇక్కడ స్పోర్టింగ్ ఆర్ట్ అంటారు. స్పోర్ట్ అంటే మనకి క్రికెట్, ఫుట్‌బాల్ గుర్తొస్తాయి గానీ, ఆ రోజుల్లో దొరల భాషలో ఆ మాటకి అర్థం వేట, గుర్రపుస్వారీ, తుపాకీతో పిట్టల్ని కొట్టడం, చేపలు పట్టడం. 1684లో విండ్సర్ కోట దగ్గర రెండో ఛార్లెస్ రాజు ముందు జరిగిన గుర్రప్పందాన్ని ఫ్రాన్సిస్ బార్లో అనే చిత్రకారుడు గీశాడు. అది 1687లో అచ్చయింది. ఇంగ్లాండులో గుర్రప్పందాన్ని చూపించే తొలి బొమ్మల్లో అదొకటి. తర్వాతి తరంలో జాన్ వూటన్, జేమ్స్ సీమోర్ లాంటివాళ్ళు న్యూమార్కెట్ పందెపు గుర్రాలని వరసబెట్టి చిత్రించారు. పద్ధతి ఒకటే: గుర్రం పక్కకి తిరిగి నిలబడి వుంటుంది, కళ్ళెం పట్టుకుని ఒక మనిషి, వెనకాల దూరం దాకా పచ్చటి నేల.

ఆ పచ్చటి నేల దగ్గరే అసలు కథ వుంది.

1671లో ఇంగ్లాండులో ఒక వేట చట్టం చేశారు. ఏడాదికి వంద పౌండ్ల రాబడినిచ్చే సొంత భూమి వున్నవాళ్ళకీ, అంతటి స్థాయి గల మరికొందరికీ మాత్రమే కుందేలు, కౌజు లాంటివాటిని వేటాడే హక్కు. వంద పౌండ్లంటే అప్పట్లో చాలా పెద్ద మొత్తం. అంతకు తక్కువ వున్న రైతు తన పొలంలో, తన పంట తింటున్న కుందేలుని కొట్టినా నేరమే! ఆ అర్హత 1831 దాకా కొనసాగింది. 1723లో ఇంకో చట్టం వచ్చింది. ముఖానికి మసి పూసుకుని రాజుగారి అడవిలో జింకని వేటాడితే ఉరిశిక్ష దాకా వెళ్ళవచ్చు. అదే కాలంలో ఊరుమ్మడి భూముల చుట్టూ కంచెలు కట్టి సొంతం చేసుకోవడం కూడా ఊరూరా సాగింది. బొమ్మల్లో గుర్రాలు దర్జాగా దూకే కంచెలు చాలావరకు అవే.

కాబట్టి ఆ కాలంలో వేట బొమ్మ గీయించుకోవడం అంటే సరదా ఒక్కటే కాదు. ఈ నేల నాది, దీని మీద తిరిగే కుందేలు కూడా నాదే అని గోడకి తగిలించుకున్న దస్తావేజు అన్నమాట. దస్తావేజులో భూమి వివరాలుంటాయి, యజమాని పేరుంటుంది. పనివాళ్ళ పేర్లుండవు కదా! మా అమ్మాయి ప్రశ్నకి జవాబులో సగం ఇదే.

మిగతా సగం కోసం జార్జ్ స్టబ్స్ అనే మనిషి దగ్గరికి వెళ్ళాలి. 1724లో లివర్‌పూల్‌లో, తోళ్ళు బాగుచేసే పనివాడి ఇంట్లో పుట్టాడు. చిత్రకళ చాలావరకు తనంతట తాను నేర్చుకున్నదే. ముప్ఫై దాటాక లింకన్‌షైర్‌లో హార్క్‌స్టో అనే పల్లెలో ఒక ఇల్లు తీసుకుని, పద్దెనిమిది నెలలపాటు చచ్చిన గుర్రాలని కొక్కేలకి వేలాడదీసి, పొర తర్వాత పొర కోసి చూస్తూ బొమ్మలు గీశాడు. తోడుగా మేరీ స్పెన్సర్ అనే ఆవిడ వుండేది. ఆ కంపులో అన్నాళ్ళు ఎలా వున్నారో ఊహించుకోండి! ఆ బొమ్మలని రాగిరేకుల మీద చెక్కడానికి లండన్‌లో ఎవరూ ముందుకు రాకపోతే, తనే చెక్కి 1766లో గుర్రపు శరీర నిర్మాణం మీద పుస్తకంగా అచ్చువేశాడు.

లండన్‌లో నేషనల్ గ్యాలరీకి వెళ్ళినవాళ్ళు అతని విజిల్‌జాకెట్ చిత్రం చూసే వుంటారు. నిలువెత్తు గోధుమరంగు గుర్రం, వెనక నేల లేదు, ఆకాశం లేదు, మనిషి లేడు. ఆ గుర్రం రాకింగ్‌హామ్ ప్రభువుది. ఆయన తర్వాత రెండుసార్లు ప్రధానమంత్రి అయ్యాడు. 1997లో గ్యాలరీ ఆ చిత్రాన్ని 1.1 కోట్ల పౌండ్లకి కొంది.

నన్ను ఎక్కువగా ఆపింది మాత్రం ఇంకో చిత్రం. జిమ్‌క్రాక్ అనే చిన్న బూడిదరంగు గుర్రాన్ని స్టబ్స్ 1765లో గీశాడు. ఒకే చిత్రంలో రెండు సమయాలు వుంటాయి: వెనకాల దూరంగా పందెంలో గుర్రం అందరికంటే ముందు పరిగెడుతూ వుంటుంది, ముందు భాగంలో అదే గుర్రం పందెం ముగిశాక నిలబడి వుంటే, లాయం కుర్రాడు వంగి దాని చెమట తుడుస్తూ వుంటాడు. చిత్రం పేరు ఏమిటంటే, "న్యూమార్కెట్ మైదానంలో జిమ్‌క్రాక్, ఒక శిక్షకుడు, ఒక లాయం కుర్రాడు, ఒక జాకీతో". గుర్రం ఒక్కదానికే పేరు. పరిశోధకులు పందెం రికార్డులు తిరగేసి ఇలాంటి కొందరి పేర్లు తర్వాత కనుక్కున్నారనుకోండి. 2011లో లండన్ వేలంలో ఇది 2.24 కోట్ల పౌండ్లకి అమ్ముడుపోయింది.

ఇది చదివినప్పుడు నాకు ఒక పాత ప్రాజెక్టు గుర్తొచ్చింది. మూడు వారాంతాలు నిద్ర లేకుండా మేం పదకొండుమందిమి పనిచేసి సిస్టం నిలబెట్టాం. ఆ కంపెనీ వార్తాపత్రికలో ఫోటో వేశారు. కింద డైరెక్టరుగారి పేరు, సిస్టం పేరు, ఆ తర్వాత "బృందంతో" అని వుంది. ఊరికి పంపితే మా అమ్మ అద్దాలు పెట్టుకుని వెతికి, "ఇందులో నీ పేరెక్కడుందిరా?" అని అడిగింది. నవ్వేసి ఊరుకున్నాను గానీ, ఆ మాట మనసులో వుండిపోయింది.

అయితే స్టబ్స్ గొప్పతనం ఇక్కడే వుంది. పేరు రాయడం అతని చేతిలో లేకపోయినా, ముఖం గీయడం అతని చేతిలో వుంది. 1799లో న్యూమార్కెట్‌లో హాంబుల్‌టోనియన్, డైమండ్ అనే రెండు గుర్రాల మధ్య 3,000 గినీల పందెం జరిగింది. కొరడా దెబ్బలు, మడమముళ్ళ పోట్లు తిని, చావుతప్పినట్టుగా హాంబుల్‌టోనియన్ గెలిచింది. యజమాని విజయానికి గుర్తుగా బొమ్మ గీయమంటే, అప్పటికి డెబ్బై అయిదు దాటిన స్టబ్స్ గెలుపుని గీయలేదు, అలసటని గీశాడు. చెమటతో వణికే గుర్రం, దాన్ని ఆనుకుని ఒక సంరక్షకుడు, తుడిచే గుడ్డతో ఒక కుర్రాడు. ఆ ఇద్దరూ తిన్నగా మనవైపే చూస్తారు. యజమాని డబ్బు ఇవ్వనన్నాడు. స్టబ్స్ కోర్టుకి వెళ్ళి గెలిచాడు. ఆ చిత్రం ఉత్తర ఐర్లాండులో మౌంట్ స్టూవర్ట్ అనే నేషనల్ ట్రస్ట్ భవనంలో వుంది.

ఇక మన సంగతికి వద్దాం. మాంచెస్టర్ ఆర్ట్ గ్యాలరీలో స్టబ్స్ గీసిన పెద్ద చిత్రం ఒకటుంది, దాదాపు తొమ్మిది అడుగుల వెడల్పు. ఒక చీటా, ఒక దుప్పి, తెల్లటి బట్టలు, తలపాగాలతో ఇద్దరు భారతీయులు. చీటా అంటే మన చిరుతపులి కాదు. కళ్ళనుంచి నోటిదాకా నల్లటి కన్నీటి చారలు, సన్నటి నడుము వుండే జంతువు. మన దేశంలో రాజులు, నవాబులు దాన్ని మచ్చిక చేసి, కళ్ళకి గంతలు కట్టి తీసుకెళ్ళి, జింక కనబడగానే గంతలు విప్పి వదిలేవాళ్ళు.

ఈ చీటా ఇంగ్లాండుకి వచ్చింది మద్రాసు నుంచి. 1755 నుంచి 1763 దాకా మద్రాసు గవర్నరుగా చేసిన జార్జ్ పిగట్ దీన్ని మూడో జార్జి రాజుకి కానుకగా ఇచ్చాడు. అది మన కోస్తా జిల్లాలు, అంటే ఉత్తర సర్కారులు, కుంపిణీ చేతికి వెళ్ళబోతున్న కాలం. 1765లోనే వాటికి మొగలు ఫర్మానా సంపాదించారు.

1764 వేసవిలో రాజుగారి బాబాయి కంబర్లాండ్ ప్రభువు విండ్సర్ పార్కులో వేడుక చూద్దామని ఒక దుప్పి మీదికి ఈ చీటాని వదిలించాడు. ఏమైంది? దుప్పి కొమ్ములతో ఎదురుతిరిగి చీటాని తరిమేసింది. చీటా కట్టిన వల దాటి పారిపోయి, పార్కులో ఇంకో జింకని చంపింది. దాన్ని మళ్ళీ పట్టుకున్నది ఆ భారతీయులే.

స్టబ్స్ చిత్రంలో ఈ రభస ఏదీ లేదు. అంతకు ముందు క్షణం వుంది. ఒకతను చీటా నడుముకి కట్టిన పట్టీని పట్టుకుని దాని ఎర్ర గంతని పైకి జరుపుతున్నాడు. ఇంకొకతను దుప్పి వైపు చెయ్యి చాపి చూపిస్తున్నాడు. ఆ జంతువు గురించి అక్కడ తెలిసినవాళ్ళు వాళ్ళిద్దరే. రాజు లేడు, ప్రభువు లేడు, గవర్నరు లేడు. సముద్రం దాటి వచ్చిన ఇద్దరు పనిమంతులు తమ పని తాము చేస్తున్నారు. స్టబ్స్ వాళ్ళని వింతజీవులుగా గీయలేదు. గుర్రం కండరాలని ఎంత శ్రద్ధగా చూశాడో వీళ్ళ ముఖాలని కూడా అంత శ్రద్ధగానే చూశాడు. కానీ చిత్రానికి స్థిరపడిన పేరు మాత్రం "చీటా, దుప్పి, ఇద్దరు ఇండియన్లు". వాళ్ళది తెలుగు దేశమని నేను అనడం లేదు. చిత్రంలో వాళ్ళ ఊరూ లేదు, భాషా లేదు. అసలు బాధ అదే కదా!

ఇదంతా ఇంగ్లాండు వాళ్ళ అలవాటే అనుకుని మనం తప్పించుకోలేం. 1902లో వైస్రాయి కర్జన్ హైదరాబాద్ రాజ్యానికి పులుల వేటకి వచ్చాడు. వరంగల్ దగ్గర నెక్కొండలో క్యాంపు. నిజాంగారి ఆస్థాన ఫోటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ స్టూడియో ఫోటోలు తీసింది. వేటాడిన పులి, కర్జన్ దంపతులు, కింద వాళ్ళ పేర్లు. అడవిలో డప్పులు కొట్టి పులిని తుపాకీ ముందుకి తోలడం ఎప్పుడూ ఊళ్ళవాళ్ళ పనే. వాళ్ళ పేర్లు మనవాళ్ళు మాత్రం రాసి పెట్టుకున్నామా? మన జమీందార్ల ఇళ్ళలో వేలాడిన పులితలల కింద కూడా కొట్టిన దొరగారి పేరే వుండేది.

ఇప్పుడు పరిస్థితులు మారాయి. ఇంగ్లాండు, వేల్స్‌లలో కుక్కలతో నక్కల్ని వేటాడటాన్ని 2004 చట్టం నిషేధించింది. అది 2005 ఫిబ్రవరి 18 నుంచి అమల్లోకి వచ్చింది. మన దేశంలో చీటాలు అంతరించిపోయాయని 1952లో ప్రకటించారు. 2022లో నమీబియా నుంచి తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనో అడవిలో వదిలారు. న్యూమార్కెట్‌లో 2016లో తెరిచిన గుర్రప్పందాల మ్యూజియంలో ఈ తరహా స్పోర్టింగ్ ఆర్ట్ చూడవచ్చు.

పోయిన ఏడాది మా అమ్మాయిని మాంచెస్టర్ తీసుకెళ్ళాను. చాలాసేపు నిలబడి చూసింది. "స్కూలు ఫోటోలో వెనక వరసలో వున్నవాళ్ళ పేర్లు కూడా రాస్తారు కదా నాన్నా" అంది. అంతే. మేం ఇంటికొచ్చాక మా నాన్నగారి పాత ఆఫీసు గ్రూప్ ఫోటో తీసి, ఆయనకి ఫోన్ చేసి, అందులో ప్యూనుతో సహా అందరి పేర్లూ అడిగి వెనకాల రాయించింది. పద్నాలుగు మందిలో పన్నెండు పేర్లు ఆయనకి గుర్తున్నాయి.

మీరు కూడా పిల్లలతో వెళ్ళండి. లండన్ నేషనల్ గ్యాలరీకీ, మాంచెస్టర్ గ్యాలరీకీ టికెట్ లేదు. చిత్రాలు అప్పుడప్పుడు వేరే ప్రదర్శనలకి వెళ్తుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి కనుక్కోండి. బొమ్మ ముందు నిలబెట్టి పిల్లల్ని మూడు ప్రశ్నలు అడగండి. ఈ నేల ఎవరిది? ఈ జంతువు ఎవరిది? ఇందులో పని చేస్తున్నది ఎవరు? మూడో ప్రశ్నకి జవాబు పటం కింద దొరకదు. బొమ్మలోనే వెతకాలి.

వీలైతే మీ ఇంట్లో గ్రూప్ ఫోటోల వెనక పేర్లు రాయడం కూడా ఈ వారమే మొదలుపెట్టండి. చెప్పగలిగేవాళ్ళు వుండగానే.