ఆ మాట ఆమెనే అడగండి

ఈ వారం మనం ముచ్చటించుకోబోయేది ఇళ్లలో గుసగుసగానే తప్ప నలుగురిలో పైకి మాట్లాడుకోని విషయం. కాలో, కన్నో, చెవో సరిగా లేని మనిషి ఇంట్లో ఉంటే ఆ మనిషికి రోజు ఎలా గడుస్తుంది? తిండీ నిద్రా, స్నానం, పండగ, పెళ్లి, ప్రయాణం - వీటన్నిటి సంగతీ. దీనికోసం మా గుంతకల్లులో నాకు తెలిసిన అయిదారుగురు ఆడవాళ్లతో తీరిగ్గా కూర్చుని మాట్లాడాను. "మా పేర్లు మాత్రం రేడియోలో చెప్పొద్దక్కా" అన్నారు. పేర్లు చెప్పను. మాటలు మాత్రం దాచను.

అందరూ మొట్టమొదట చెప్పింది ఒకటే. ఇంటికి ఎవరైనా వస్తే, తమను అడగాల్సిన మాట పక్కవాళ్లను అడుగుతారట! "ఈ పిల్ల కాఫీ తాగుతుందా?" అని తల్లిని అడుగుతారు. ఆ పిల్లకు ముప్పై ఎనిమిదేళ్లు. చెడింది కాలు గాని నోరు కాదు కదండీ. బట్టల అంగడికి పోతే "ఆమెకు ఏ రంగు చూపమంటారు?" అని వెంట వచ్చిన వదినను అడుగుతాడు అంగడాయన. చూపులేని ఆవిడ నాతో అంది: "పద్నాలుగేండ్ల దాకా నేను చూసినాను గదక్కా. రంగులన్నీ నాకు గుర్తే. నేను కట్టుకునే చీర నాకు కనపడదని ఏదో ఒకటి చుట్టబెడితే ఎట్లా?"

ఇక మాటల సంగతి. కుంటి ఫలానా, చెవిటి ఫలానా అని పేరుకు ముందు తగిలించడం మనకు పరిపాటి. ఆ తర్వాత వికలాంగులు అన్నాం. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో కొత్త మాట సూచించాక దివ్యాంగులు అంటున్నాం. మన రాష్ట్ర ప్రభుత్వం వారి కాగితాల్లో విభిన్న ప్రతిభావంతులు అని ఉంటుంది. వీటిలో ఏది బాగుందమ్మా అని అడిగితే, చంకకర్రలతో నడిచే ఒకామె నవ్వి, "దివ్యమో కాదో బస్సు మెట్టు ఎక్కేటప్పుడు తెలుస్తుందిలే. నన్ను పేరుపెట్టి పిలిస్తే చాలు" అంది. నాకూ అదే సబబుగా తోచింది.

సామెతలు కూడా అంతే. గుడ్డెద్దు చేలో పడ్డట్టు, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని అలవాటుగా అనేస్తుంటాం. వినికిడి లేని పిల్ల ఒకతి నాకు సైగలతో ఏం చెప్పిందంటే, జాతరలో మన అనంతపురం ఉరుములు వాయిస్తుంటే ఆ దరువు ఆమెకు రొమ్ములో, అరికాళ్లలో తెలుస్తుందట. శంఖం సామెత కట్టినవాళ్లకు ఈ సంగతి తెలిసినట్టు లేదు.

"ఎందుకిట్లా అయింది?" అనే ప్రశ్న ప్రతివాళ్లూ అడుగుతారు. అడిగి ఊరుకోరు, జవాబూ వాళ్లే చెబుతారు. తల్లి గ్రహణం నాడు కదిలిందనో, పూర్వజన్మ కర్మ అనో. పెదవి చీలి పుట్టిన బిడ్డకు మన భాషలో పేరే గ్రహణం మొర్రి. గ్రహణం దేశమంతటా పడుతుంది, ఆ పూట ఎన్ని లక్షలమంది గర్భిణులుంటారో ఆలోచించండి. అందరికీ అలాంటి బిడ్డలు పుట్టడం లేదు. తల్లి కడుపులో మొదటి రెండు మూడు నెలల్లోనే బిడ్డ పెదవులు కలిసిపోవాలి, కలవకపోతే అలా పుడతారు. బిడ్డకు మూడు నెలలు నిండి, బరువు బాగుంటే పెదవికి, ఏడాది ఏడాదిన్నర లోపల అంగిలికి ఆపరేషను చేసి సరిచేస్తారు. కాబట్టి కోడల్ని ఆడిపోసుకునే కాలాన్ని డాక్టరు దగ్గరకు పోవడానికి వాడుకోవడం మేలు.

మన సీమలో ఇంకో సంగతి ఉంది, చెబితే కొందరికి కష్టంగా ఉంటుంది. మేనరికాలు. ప్రతి మనిషిలోనూ పైకి కనపడని లోపాలు కొన్ని దాగి ఉంటాయి. ఒక వైపునుంచే వస్తే అవి అణిగే ఉంటాయి. అదే లోపం తల్లినుంచీ తండ్రినుంచీ కూడా వస్తే బిడ్డలో బయటపడుతుంది. బావామరదళ్లకు రక్తంలో ఎనిమిదో వంతు ఉమ్మడి, మేనమామకూ మేనకోడలికీ అయితే నాలుగో వంతు ఉమ్మడి. అందుకని పుట్టుకతో లోపాలు వచ్చే అవకాశం బావామరదళ్ల పెళ్లిలో బయటి సంబంధంకన్నా సుమారు రెట్టింపు. మేనరికంలో పుట్టినవాళ్లు ఎక్కువమంది నిక్షేపంగానే ఉంటారు, అదీ నిజమే. కానీ ఇంట్లో ఒక బిడ్డకు పుట్టుచెవుడు ఉండగా మళ్లీ మేనమామకే పిల్లనిచ్చేటప్పుడు ఒక్కసారి డాక్టరుతో మాట్లాడితే ఏం పోతుంది? పొలం బయటికి పోతుందనే భయం తప్ప!

పోలియో సంగతి మాత్రం సంతోషంగా చెప్పుకోవచ్చు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతాన్ని పోలియో లేనిదిగా ప్రకటించింది. ఆ చుక్కల మందు మన చంటివాళ్లకు ఎంత మేలు చేసిందో, ఆ మందు అందని తరం మనుషులను చూస్తే తెలుస్తుంది. వాళ్లిప్పుడు నడివయసులో ఉన్నారు. ఇన్నేళ్లూ బరువంతా మోసిన భుజాలూ మణికట్లూ ఇప్పుడు నొప్పులు మొదలుపెట్టాయి. కొత్తగా కాలు పోగొట్టుకుంటున్నవాళ్లలో షుగరు జబ్బువాళ్లు, మోటారు సైకిలు ప్రమాదాలవాళ్లు ఎక్కువగా కనపడుతున్నారు.

ఇక్కడ మన సంసారాల తీరు గురించి కొంచెం విపులంగా చెప్పాలి. మనది నేలమీద బ్రతుకు. నేలమీద కూర్చుని తింటాం, నేలమీద పడుకుంటాం, గొంతుక్కూర్చుని అంట్లు తోముతాం, బాసింపట్టు వేసుకుని వ్రతం చేస్తాం, చెప్పులు విడిచి గుడికి పోతాం. విదేశీ పద్ధతిలో చేసిన కృత్రిమ పాదం బూటులోపల తొడుక్కునేది. మడమ దగ్గర వంగదు, గొంతుక్కూర్చోనివ్వదు, బురదలో దిగనివ్వదు. దాన్ని పెట్టుకున్న రైతు పొలానికి పోలేడు, పెట్టుకున్న ఆవిడ దేవుడిగదిలోకి పోలేదు. 1968 ప్రాంతంలో జైపూరులో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టరు ప్రమోద్ కరణ్ సేఠీ కలిసి రబ్బరుతో, చెక్కతో ఒక పాదం తయారుచేశారు. వేళ్లతో సహా మన పాదంలాగే కనపడుతుంది. బూటు అక్కర్లేదు. మోకాలి కింద కాలు తీసేసినవాళ్లు దానితో గొంతుక్కూర్చోవచ్చు, బాసింపట్టు వేసుకోవచ్చు, గట్లమీద నడవవచ్చు. శర్మగారు పెద్దగా చదువుకున్నవారు కారు, కానీ మనవాళ్లు ఎలా కూర్చుంటారో ఆయనకు తెలుసు. 1975నుంచి జైపూరులోని ఒక సమితి ఈ కాళ్లను ఉచితంగా ఇస్తూ వచ్చింది. 1981లో ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న సుధాచంద్రన్ ఈ పాదంతోనే మళ్లీ గజ్జె కట్టింది. 1985లో వచ్చిన మయూరి సినిమాలో ఆమే తన కథను నటించింది. ఆ సినిమా చూసి హాల్లో కళ్లు తుడుచుకున్నవాళ్లు మనలో చాలామందే ఉంటారు. అయితే కళ్లు తుడుచుకోవడం వేరు, పక్కింటి అమ్మాయిని పేరంటానికి పిలవడం వేరు.

నేల బ్రతుకులో మంచి కూడా ఉందండోయ్. పాతకాలం వంటింట్లో పొయ్యి, రోలు, కత్తిపీట, నీళ్లబిందె అన్నీ కిందే ఉండేవి. రెండు కాళ్లూ పోలియోతో చచ్చుబడిన ఒకావిడ ఇరవై ఏళ్లపాటు పాకుతూనే ఇంటిల్లిపాదికీ సంకటి, జొన్నరొట్టెలు చేసి పెట్టింది. తమ్ముడు కొత్త ఇల్లు కట్టాడు, గ్యాసుపొయ్యి నల్లరాతి గట్టుమీదికి ఎక్కింది. అందరూ ఇల్లు ఎంత బాగుందో అన్నారు. ఆవిడకు మాత్రం ఆ రోజునుంచి వంటిల్లు లేకుండా పోయింది. "అప్పటిదాకా నేను వండితే వాళ్లు తినేవాళ్లు. ఇప్పుడు వాళ్లు పెడితే నేను తింటాను" అంది. ఆ ఒక్క మాటకు నాకు వెంటనే జవాబు దొరకలేదు.

గ్యాసుపొయ్యిని సిలిండరుకన్నా ఎత్తులో పెట్టాలి కాబట్టి నేలమీద పెట్టడం క్షేమం కాదు. కానీ కరెంటుతో పనిచేసే ఇండక్షన్ పొయ్యిని జానెడు ఎత్తు పీటమీద పెట్టుకోవచ్చు. నూనె, ఉప్పు, పోపులడబ్బా చేతికందే అరలో ఉంచితే చాలు. కాళ్లపై నిలబడగలిగి మోకాళ్లు వంగనివారికి గట్టు పక్కన ఎత్తైన స్టూలు, వెనక ఆనుకోవడానికి పట్టె ఉండాలి. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రికి చెబితే ఒక పూట పని. కట్టేశాక అయితే పగలగొట్టాలి.

ఇంకొకటి. ఆడవాళ్లం కాబట్టి మొహమాటం లేకుండా చెప్పుకుందాం. నేను మాట్లాడినవాళ్లలో ముగ్గురు, పెళ్లికో పేరంటానికో పోవాలంటే ముందురోజు రాత్రినుంచీ నీళ్లు తాగరట. ఎందుకంటే అక్కడ కూర్చోగలిగే పాయిఖానా ఉండదు, ఎవరినైనా ఎత్తి కూర్చోబెట్టమని అడగాలి. మన ఎండలు మీకు తెలియనివా? మే నెలలో గుంతకల్లులో నీళ్లు తాగకుండా ఉంటే మూత్రంలో మంట, జ్వరం, రాళ్లు. దానికి మందు మధ్యలో రంధ్రం ఉన్న ఒక కుర్చీ! అంగళ్లలో దొరుకుతుంది. ఇనప కుర్చీ ఇస్తే మన వెల్డింగు షాపువాళ్లే చేసిపెడతారు. గోడకు గట్టిగా బిగించిన ఒక ఇనపకడ్డీ కూడా ఉంటే ఇంకొకరి చెయ్యి అక్కర్లేదు. పెళ్లికి పిలిచేటప్పుడు, "అక్కా, మా ఇంట్లో కుర్చీ ఉంది, నువ్వు రా" అని ఒక్క మాట చెబితే ఆమె నీళ్లు తాగి వస్తుంది.

చెవుడు ఉన్నవాళ్ల బాధ మరోరకం. అందరూ కూర్చుని ఏదో చెప్పుకుని పగలబడి నవ్వుతారు. ఏమిటని సైగచేస్తే "తర్వాత చెబుతాంలే" అంటారు. ఆ తర్వాత ఎప్పటికీ రాదు. ఇంట్లో అమ్మ ఒక్కతే సైగలు నేర్చుకుంటుంది, నాన్నకూ అన్నలకూ తీరదు. బిడ్డ ముఖానికి ఎదురుగా, వెలుతురులో ఉండి నిదానంగా మాట్లాడటం, పది సైగలు నేర్చుకోవడం ఎవరికైనా సాధ్యమే.

పెళ్లిచూపుల సంగతి మీకు తెలిసిందే. చెల్లెలికి సంబంధం వస్తే అక్కను ఆ పూట పక్కింట్లో కూర్చోబెడతారు. కడుపులో దుఃఖం ఉంచుకుని తనే చెల్లెలికి జడ వేసి పంపిన అక్కలు ఉన్నారు. ఆమెకు పెళ్లి కావాలా అక్కర్లేదా అన్నది ఎవరూ ఆమెను అడగరు. తీరా పెళ్లి కాలేదు గనక ఆస్తి ఎందుకు అంటారు.

ఇది మాత్రం కొంగుకు ముడివేసుకోండి. పుట్టుగుడ్డివాళ్లకూ పుట్టుచెవిటివాళ్లకూ తిండీబట్టా తప్ప వాటా లేదని పాత ధర్మశాస్త్రాలు చెప్పిన మాట నిజమే. 1928లో వచ్చిన చట్టం దాన్ని చాలావరకు కొట్టేసింది. 1956 హిందూ వారసత్వ చట్టంలో 28వ సెక్షను, జబ్బుచేతగాని అవయవలోపంచేతగాని ఎవరికీ వారసత్వం పోదని తేల్చి చెప్పింది. మన రాష్ట్రంలో 1986లో చేసిన సవరణతో, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు వచ్చింది. 2005లో దేశమంతటా కూతుళ్లకు ఆ హక్కు వచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా ఆస్తి హక్కు సమానమని చెబుతోంది. ఈ చట్టం 1995 నాటి చట్టంలోని ఏడు రకాల లోపాలను ఇరవై ఒకటి చేసింది. అందులో మరుగుజ్జుతనం, యాసిడ్ దాడికి గురైనవాళ్లు, తలసీమియా వంటివి చేరాయి. వెనకటి పంపకాలు ఉంటే లెక్క మారుతుంది, వకీలును కనుక్కోవాలి. కానీ చదివి వినిపించకుండా వేలిముద్ర అడిగితే, అన్న అయినా సరే, వేయనక్కర్లేదు.

పింఛను సంగతీ అంతే. 2024 జూలైనుంచి మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు చేశారు. కరువు జిల్లాలో శనక్కాయ పంట పోయిన ఏడు ఆ డబ్బుతోనే ఇల్లు గడిచిన సంసారాలున్నాయి. ఆ నెల బియ్యం తనవని ఆమెకు తెలుసు, ఇంట్లోవాళ్లకూ తెలుసు. అయినా "మేం సాకుతున్నాం" అనే మాట మాత్రం పోదు. కనీసం అందులో వెయ్యి ఆమె చేతిలో ఉంచి, దేనికి ఖర్చుపెట్టావని అడక్కుండా ఉండండి.

మనది రైలు ఊరు. తోడు లేకుండా ప్రయాణం చేయలేని అవయవలోపం ఉన్నవారికి, పూర్తిగా చూపులేనివారికి, బుద్ధి ఎదగనివారికి రైల్వే రాయితీ పత్రం ఉంటే రెండో తరగతి, స్లీపరు టిక్కెట్టులో నూటికి 75 వంతులు తగ్గుతుంది. తోడు వచ్చేవారికీ అంతే. మాటా వినికిడీ రెండూ లేనివారికి సగం. చాలా రైళ్లకు వీళ్లకోసం వేరే పెట్టె ఉంటుంది. ఖాళీగా ఉంది కదా అని అందులో కాళ్లు చాపుకుని కూర్చునేవాళ్లను చూసినప్పుడు లేవమని చెప్పడానికి మనకు నోరుండాలి.

చివరగా, ఉత్తరాల్లో కొందరు అడిగిన ప్రశ్న. చక్రాల కుర్చీ కొన్నాం, గడప దాటడం లేదు, గడప తీసేయడం శుభం కాదంటారు, ఏం చేయాలి అని. గడప తీయనక్కర్లేదు. అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవున చెక్కతో ఏటవాలు పలక చేయించండి. మూడంగుళాల గడపకు ఇటు మూడడుగులు, అటు మూడడుగులు. పైకి గరుకు ఉండాలి, లేకపోతే వానకు జారుతుంది. వెడల్పు చక్రాలకన్నా నాలుగంగుళాలు ఎక్కువ పెట్టి, మిగతా గడపను వదిలేయండి. శుక్రవారం పసుపు రాయడానికి, బొట్లు పెట్టడానికి ఆ చోటు చాలు. పలక కిందిభాగంలో రెండు రబ్బరు ముక్కలు కొడితే కదలదు, కావలసినప్పుడు తీసి గోడకు ఆనించుకోవచ్చు.