మోటారు సైకిళ్లకు బయటి విడిభాగాలు: వారంటీ ఎంతవరకు వర్తిస్తుంది, చట్టం ఏమంటున్నది

ప్రత్యేక వ్యాసం

నాచారం, మల్లాపూర్ పారిశ్రామిక వాడలలో రాత్రి షిఫ్టు ముగించుకొని ఇండ్లకు చేరే కార్మికులు, ఉప్పల్ నుండి వరంగల్ రహదారి వెంట ఘట్‌కేసర్ వరకు నిత్యం రాకపోకలు సాగించే ఉద్యోగులు, ఇంటింటికీ సరుకులు చేరవేసే యువకులు తమ మోటారు సైకిళ్లకు అదనపు దీపాలు, సెల్‌ఫోను చార్జరు, సామాను పెట్టెకు చట్రం, లెగ్ గార్డు వంటివి అమర్చుకోవడం సర్వసాధారణం. ఇవన్నీ ఆడంబరానికి బిగించుకున్నవని భావించడం సరికాదు. వీధి దీపాలు లేని చోట గుంతను ముందుగా చూడగలగడం ప్రాణావసరం.

చిక్కు తరువాత వస్తుంది. వారంటీ కాలంలోనే బండి మొరాయిస్తే సర్వీసు కేంద్రంలో వినిపించే మాట ఒకటే: "బయటి సామాను బిగించారు, వారంటీ వర్తించదు." వాయిదాలపై కొన్న బండి, అదే జీవనాధారమైన వ్యక్తికి ఆ ఒక్క మాట వేల రూపాయల భారం. ఈ మాటలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. కంపెనీ ఇచ్చిన హామీ నిలుస్తుందా అనేది మొదటిది. ఆ మార్పును మోటారు వాహనాల చట్టం అనుమతిస్తుందా అనేది రెండవది. ఒకదానికి జవాబు రెండవదానికి జవాబు కాజాలదు.

వారంటీ అనేది తయారీదారు రాతపూర్వకంగా ఇచ్చే హామీ. దాని షరతులు కొనుగోలు సమయంలో ఇచ్చే పుస్తకంలో ముద్రితమై ఉంటాయి. నిర్ణీత గడువులో సర్వీసులు చేయించకపోతే హామీ పోతుందని, కంపెనీ ఆమోదించని విడిభాగాల వలన కలిగిన నష్టానికి బాధ్యత ఉండదని అందులో సాధారణంగా ఉంటుంది. బ్యాటరీ, టైర్ల హామీ ఆయా తయారీదారులదే. ఇక్కడ "వలన కలిగిన నష్టం" అన్న పదాలు కీలకం. బయటి భాగం బిగించడం వేరు, ఆ భాగం వలన నష్టం కలగడం వేరు.

ఈ తేడాను భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టు 25 నాటి ఉత్తర్వులో స్పష్టపరచింది. విడిభాగాల విక్రయంపై 14 కార్ల కంపెనీలకు సంబంధించిన ఆ కేసులో, స్వతంత్ర మెకానిక్ వద్ద మరమ్మతు చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తాన్ని రద్దు చేసే షరతు పెట్టరాదని, బయటి మరమ్మతులోని లోపం వలన జరిగిన నష్టం మేరకు మాత్రమే, పరిస్థితులు స్పష్టంగా సమర్థించినప్పుడు, హామీని నిరాకరించవచ్చునని కమిషన్ ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2016 డిసెంబరులో పోటీ అప్పీలేట్ ట్రిబ్యునల్ మూడు కంపెనీల విషయంలో ఉల్లంఘన నిర్ధారణను సమర్థిస్తూనే జరిమానాను తగ్గించింది. ఆ ఉత్తర్వు కార్ల కంపెనీలకు సంబంధించినది, మోటారు సైకిళ్ల తయారీదారులపై నేరుగా ఇచ్చినది కాదు. అయినప్పటికీ నష్టం మేరకే నిరాకరణ అన్న సూత్రం వినియోగదారుడు తన వాదనకు ఆధారంగా చూపదగినది.

అమెరికాలో ఇందుకు 1975 నుండి ప్రత్యేక చట్టమే ఉన్నది. మాగ్నసన్-మాస్ చట్టంగా పేరొందిన ఆ శాసనం ఆధారంగా అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2022 జూన్‌లో హార్లే-డేవిడ్‌సన్ కంపెనీపై చర్య తీసుకొని, ఇతరుల విడిభాగాలు వాడితే వారంటీ పోతుందన్న షరతులను తొలగించవలసిందిగా ఆదేశించింది. మన దేశంలో అటువంటి ప్రత్యేక శాసనం లేదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న ప్రారంభించిన మరమ్మతు హక్కు పోర్టల్‌లో వాహన రంగాన్ని కూడా చేర్చింది.

వివాదాలకు ఎక్కువ అవకాశమున్నది విద్యుత్ అమరికలలోనే గనుక దానిని కొంత వివరంగా తెలుసుకోవలసి ఉన్నది. సెల్‌ఫోను చార్జరు వాడే శక్తి సుమారు 10 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీపై అది ఒక ఆంపియరు కంటే తక్కువ. చెరి 40 వాట్ల రెండు అదనపు దీపాలు బిగిస్తే ఇంచుమించు 6.7 ఆంపియర్లు కావాలి. ఆ విద్యుత్తును హెడ్‌లైట్ తీగను ఒలిచి, మరో తీగ చుట్టి, పైన టేపు వేసి తీసుకుంటే ఆ భారమంతా ఒక్క హెడ్‌లైట్ కోసం ఉద్దేశించిన సన్నని తీగపై పడుతుంది. 60 వాట్ల బల్బు స్థానంలో 100 వాట్ల బల్బు పెట్టినా ఇదే ప్రమాదం. తీగలో ప్రవాహం 5 నుండి 8.3 ఆంపియర్లకు పెరుగుతుంది. వేడి ప్రవాహపు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది గనుక అది రెండున్నర రెట్లను దాటుతుంది. ముందుగా కప్లర్ కరుగుతుంది, ఆపై హెడ్‌లైట్ లోపలి ప్లాస్టిక్ రంగు మారుతుంది. వాన నీరు చేరిన జాయింటు సంగతి మెకానిక్కులందరికీ తెలిసినదే.

అదే దీపాలను బ్యాటరీ నుండి విడి ఫ్యూజుతో, రిలే ద్వారా, ఇగ్నిషన్ ఆపితే ఆరిపోయే విధంగా, అసలు తీగలు కోయకుండా అమరిస్తే బండి తీగల అల్లిక చెక్కుచెదరదు. అప్పుడు కూడా ఆ బండి ఉత్పత్తి చేయగల విద్యుత్తుకు మించి భారం వేయరాదు. మించితే బ్యాటరీ నానాటికీ నీరసిస్తుంది.

ఉదాహరణకు, తీగలు కోసి దీపాలు బిగించిన బండిలో చార్జింగు కాయిల్ కాలిపోతే కంపెనీ నిరాకరణకు హేతువున్నది. అదే బండిలో ముందు ఫోర్కు ఆయిల్ సీలు కారితే దీపాలకు, దానికి సంబంధమేమిటో నిరాకరించినవారే చెప్పవలసి ఉంటుంది. వెనుక బరువైన సామాను పెట్టె మోసే బండికి షాక్ అబ్జార్బర్ పోయినప్పుడు మాత్రం జవాబు అంత తేలిక కాదు. మోసిన బరువు ఎంత అన్న ప్రశ్న వస్తుంది.

సైలెన్సర్ల విషయం పూర్తిగా వేరు. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 ప్రమాణాలు అమలులోకి వచ్చిన తరువాత పొగగొట్టం కేవలం శబ్దాన్ని తగ్గించే గొట్టంగా మిగలలేదు. పొగను శుద్ధి చేసే ఉత్ప్రేరక పరికరం, ఇంధన పాళ్లను నిర్ణయించేందుకు తోడ్పడే ఆక్సిజన్ సెన్సరు ఆ మార్గంలోనే ఉంటాయి. దానిని తొలగించి మోతగొట్టే గొట్టం బిగిస్తే ఇంజను ఫిర్యాదుపై వారంటీ కోరడం కష్టసాధ్యం. అంతకు మించి, అది చట్టవిరుద్ధం. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాల ఉల్లంఘనకు మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద 2019 సవరణ మూడు నెలల వరకు జైలు, రూ.10,000 వరకు జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సు అనర్హత నిర్దేశించింది. అక్కడికక్కడే వసూలు చేసే రాజీ రుసుమును మాత్రం రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఆసుపత్రుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలానికి వీలు కల్పించాయి. నాచారం ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ముందు నుండి అర్ధరాత్రి వేళ ఇటువంటి బండి వెళితే లోపలి రోగుల స్థితి ఏమిటో వేరుగా చెప్పనవసరం లేదు.

చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ ధ్రువపత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యే విధంగా వాహనాన్ని మార్చరాదు. కేరళకు చెందిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనినే ధ్రువీకరించింది. అనుమతి లేని మార్పులకు 182-ఎ సెక్షన్ కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు, ఒక్కొక్క మార్పుకు రూ.5,000 జరిమానా నిర్దేశించారు. వెనుక కూర్చునేవారి చేతి పట్టు, చక్రంపై రక్షణ కవచం కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలోని 123వ నిబంధన ప్రకారం ఉండవలసినవే. చీర, చున్నీ చక్రంలో చిక్కుకోకుండా కాపాడే ఆ కవచాన్ని అందం కోసం ఊడదీయడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

విలేకరులు, అధికారులు గమనించదగిన మరొక అంశం షోరూములలో బిగించే సామాను. షోరూములో బిగించినదంతా కంపెనీదేనని కొనుగోలుదారు నమ్ముతాడు. డీలరు స్థానికంగా తెప్పించి బిగించిన భాగాలు కూడా వాటిలో ఉండవచ్చు. బిల్లులో కంపెనీ పార్టు నంబరు ఉన్నదా, లేక "యాక్సెసరీస్" అన్న ఒక్క మాటతో మొత్తం వేశారా అనేది చూసుకోవాలి. పుత్లీబౌలి బజారులో కొన్నా, ఉప్పల్‌లో కొన్నా బిల్లు, బిగించిన తేదీ, తొలగించిన అసలు భాగం భద్రపరచుకోవడం మేలు. విలువైన అదనపు అమరికలను బీమా సంస్థకు ముందుగా తెలియజేయనిదే వాటి నష్టానికి పరిహారం ఆశించలేము.

వారంటీ నిరాకరించినప్పుడు ఏ భాగం వలన, ఏ విధంగా లోపం కలిగిందో జాబ్ కార్డుపై రాసి ఇవ్వవలసిందిగా వాహనదారు కోరాలి. నోటి మాటతో వెనుదిరిగితే తరువాత నిరూపించడానికి ఆధారం ఉండదు. కంపెనీకి లిఖితపూర్వక ఫిర్యాదు, ఆపై 1915 నంబరు గల జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, అప్పటికీ పరిష్కారం కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నాయి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే, వివాదం తలెత్తిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర రూ.5 లక్షలు మించకపోతే రుసుము లేదు. లోపం పరీక్ష ద్వారా తప్ప తేలనిదైతే కమిషన్ ఆ వస్తువును సీలు వేయించి ప్రయోగశాలకు పంపుతుంది. అందుచేత కాలిపోయిన తీగను, పగిలిన భాగాన్ని తీర్పు వచ్చే వరకు పారవేయరాదు.